బడి కప్పు మీది ఎండ – బడి లోపలి తెలుగు

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాష కోసం ఏర్పాటైన ఈ సభలో కరెంటు గురించి మాట్లాడటమేమిటని కొందరు మిత్రులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబు కూడా సూటిగానే చెబుతాను. మన తెలుగు బడి గదిలో మార్చి నెల మధ్యాహ్నం ఫ్యాను తిరగదు. కంప్యూటరు మీద కప్పిన గుడ్డ తీయరు. పక్కవీధి ప్రైవేటు బడిలో అవన్నీ నడుస్తుంటాయి. అప్పుడు తల్లిదండ్రుల చూపు అటు మళ్ళుతుంది. ఒక బిడ్డ బడి మారినప్పుడు హాజరుపట్టీలో ఒక పేరు తగ్గుతుంది. ఆ ఇంట్లో మాత్రం తెలుగు చదవగల తరం అక్కడితో ఆగిపోతుంది. మనం నిన్న మొన్న వలస వచ్చినవాళ్ళం కాము. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, రాయగడలోనైనా, సిరొంచలోనైనా తరతరాలుగా ఆ నేలను దున్నుకుని బతుకుతున్నవాళ్ళం. రాష్ట్రాల గీతలు మారాయి గాని మనం కదలలేదు. అందుచేత మన బడిని నిలబెట్టే ప్రతి పనీ భాషోద్యమంలో భాగమేనని నేను నమ్ముతాను. బడి కప్పు మీద ఎండతో విద్యుత్తు చేసుకోవడం అటువంటి పని. అది నాలుగు కాలాలు నడవాలంటే మన భాష ఎందుకు అవసరమో చెప్పడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

మొదట అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. సౌర ఫలకంలో ఉండేది సిలికాన్ అనే అర్ధవాహకం. దాని మీద కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్లు కదిలి విద్యుత్తు పుడుతుంది. ఇది ఒకే దిక్కుగా పారే ఏకముఖ ప్రవాహం. మన ఇళ్ళకు స్తంభం నుంచి వచ్చేది క్షణక్షణం దిక్కు మార్చుకునే ఏకాంతర ప్రవాహం. మొదటిదాన్ని రెండవదానిగా మార్చే పెట్టెను ఇన్వర్టరు అంటాము. ఎండ ఉన్నప్పుడు మిగిలిన శక్తిని దాచుకుని ఎండ లేనప్పుడు ఇచ్చేది బ్యాటరీ. బ్యాటరీలోకి ఎంత పోవాలో, ఎప్పుడు ఆపాలో చూసుకునే చిన్న పెట్టె ఛార్జి కంట్రోలరు. ఈ నాలుగూ కలిసి ఒక బడికి, లేదా బడితో పాటు పక్కనున్న అంగన్‌వాడీకి సరఫరా చేస్తే దాన్ని మైక్రోగ్రిడ్ అంటున్నారు. పేరు పెద్దది గాని, ఇది మన ఆవరణకు సరిపోయే చిన్న కరెంటు ఏర్పాటు.

ఇక్కడ ఒక సంగతి చాలామందికి తెలియదు. బ్యాటరీ లేకుండా నేరుగా లైనుకు కలిపిన సౌర ఏర్పాటు, లైనులో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నమైనా అంతే. దాన్ని లోపం అనుకోకూడదు. స్తంభమెక్కి మరమ్మతు చేస్తున్న లైన్‌మన్‌కు మన కప్పు మీది విద్యుత్తు తగలకుండా పెట్టిన రక్షణ అది. మైక్రోగ్రిడ్ అయితే లైను పోయినప్పుడు లైనుతో సంబంధం తెంచుకుని, బడి వరకు ఒక దీవిగా మారి, తన బ్యాటరీతోనూ తన ఎండతోనూ నడుస్తుంది. లైను రాగానే మళ్ళీ కలుస్తుంది. కాబట్టి ఎవరైనా దాత వచ్చి “మీ బడికి సోలార్ పెట్టిస్తాం” అన్నప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న ఇది: “లైను పోయినప్పుడు ఇది నడుస్తుందా?”

ఇక లెక్క. అయిదు గదుల బడి ఒకటి తీసుకుందాం. గదికి రెండు ఫ్యాన్లు, రెండు ఎల్‌ఈడీ దీపాలు. మామూలు ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది. ఇప్పుడు దొరుకుతున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. పది ఫ్యాన్లు ఆరు గంటలు తిరిగితే మామూలువాటికి 4.5 యూనిట్లు, కొత్తవాటికి 1.8 యూనిట్లు ఖర్చవుతాయి. 20 వాట్ల దీపాలు పది, మూడు గంటలకు 0.6 యూనిట్లు. 75 వాట్ల కంప్యూటర్లు రెండు, మూడు గంటలకు 0.45. సాయంత్రం ఒక గదిలో పదో తరగతి పిల్లలు మూడు గంటలు చదువుకోవడానికి 0.3. మొత్తం రోజుకు 3.15 యూనిట్లు. మామూలు ఫ్యాన్లే ఉంచుకుంటే ఇదే మొత్తం ఆరు యూనిట్లు దాటుతుంది. అంటే ఫలకాలు కొనడానికి ముందు ఫ్యాన్లు మార్చుకోవడం తెలివైన పని.

మన ప్రాంతాల్లో ఒక కిలోవాటు ఫలకాలు మంచి ఎండ రోజున సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. దాచి వాడుకోవడంలో కొంత పోతుంది. మబ్బు రోజుల్లో బాగా తగ్గుతుంది. అందుచేత 1.5 కిలోవాట్లు పెట్టుకోవాలి. అందుకు నీడపడని కప్పు సుమారు 150 చదరపు అడుగులు చాలు. నీడ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వరుసగా కలిపిన ఫలకాల్లో ఒకదాని మీద వేపకొమ్మ నీడ పడినా మొత్తం వరుస ఇచ్చే విద్యుత్తు తగ్గుతుంది. ఫలకాలు దక్షిణం వైపు తిరిగి, ఆ ఊరి అక్షాంశానికి దగ్గరి కోణంలో వంగి ఉండాలి. హోసూరులో సుమారు 13 డిగ్రీలు, బళ్ళారిలో 15, యానాంలో 17, సిరొంచలోనూ రాయగడలోనూ బరంపురంలోనూ 19. అట్లాసు తెరిచి ఏడో తరగతి పిల్లలే ఈ కోణం చెప్పగలరు.

బ్యాటరీ లెక్క కూడా కష్టమైనది కాదు. 12 ఓల్టుల 150 ఆంపియర్-గంటల బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు. రెండు పెట్టుకుంటే 3.6. అయితే సీసపు బ్యాటరీని అడుగంటా ఖాళీ చేస్తే దాని ఆయుష్షు త్వరగా తరుగుతుంది. సగమే వాడుకోవాలి. అంటే మన చేతికి వచ్చేది 1.8 యూనిట్లు. సాయంత్రపు చదువుకు 0.3 పోను, మిగిలినది సగం పూట బడి నడవడానికి సరిపోతుంది. సీసపు బ్యాటరీని బాగా చూసుకుంటే నాలుగైదేళ్ళు వస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మొదట ఖరీదు ఎక్కువైనా, ఎక్కువ లోతుకు వాడుకోవచ్చు, నీళ్ళు పోయనక్కరలేదు, పదేళ్ళ దాకా నమ్మవచ్చు. ఫలకాలు మాత్రం పాతికేళ్ళు పనిచేస్తాయి. కాబట్టి ఏ బడిలోనైనా సౌర ఏర్పాటు ఆగిపోయిందని వింటే మీరు ఫలకాలను అనుమానించకండి. ముందు బ్యాటరీ గదికి వెళ్ళండి.

నేను అలాగే వెళ్ళాను. భౌతికశాస్త్రం చెప్పిన ఉపాధ్యాయుణ్ణి గనుక ఒక సరిహద్దు బడివారు వచ్చి చూడమన్నారు. కప్పు మీది ఫలకాలు తుడిచి కొలిస్తే ఓల్టులు సక్రమంగానే ఉన్నాయి. బ్యాటరీలు మాత్రం ఎండిపోయి ఉన్నాయి. వాటిని ఎలా చూసుకోవాలో చెప్పే పుస్తకం బీరువాలో భద్రంగా ఉన్నది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అది ఇంగ్లీషులో ఉన్నది. రోజూ ఆ గది తాళం తీసే అటెండరును అడిగాను. ఆయన తెలుగు దినపత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. “ముట్టుకోవద్దన్నారు సారూ, ముట్టుకోలేదు” అన్నాడు. అందులో ఆయన తప్పేమీ లేదు. ముట్టుకోవద్దని ఒక్క మాట చెప్పినవారు, ఎప్పుడు ముట్టుకోవాలో ఆయనకు వచ్చిన భాషలో చెప్పలేదు. నెలకొకసారి గ్లాసెడు బ్యాటరీ నీళ్ళు పోసి ఉంటే సరిపోయేది. ఒకసారి పలకలు ఎండి గట్టిపడ్డాక మళ్ళీ నీళ్ళు పోసినా ఆ బ్యాటరీ పూర్తిగా కోలుకోదు.

అయితే భాష ఒక్కటే అన్నిటికీ మందు అని నేను చెప్పను. బీహారులోని జెహానాబాద్ జిల్లాలో ధర్నాయి అనే ఊరున్నది. దశాబ్దాల పాటు కరెంటు లేని ఆ ఊళ్ళో 2014లో గ్రీన్‌పీస్ సంస్థ మరికొందరితో కలిసి 100 కిలోవాట్ల సౌర మైక్రోగ్రిడ్ నెలకొల్పింది. 450 ఇళ్ళకు, బడులకు, ఆరోగ్య కేంద్రానికి వెలుగు వచ్చింది. దేశమంతా ఆ ఊరి పేరు మోగింది. అక్కడ మాట్లాడినవారిదీ విన్నవారిదీ హిందీ సీమే. భాష అడ్డం రాలేదు. కాని ఎక్కువ విద్యుత్తు తీసుకునే సామాన్లు దాని మీద నడపవద్దన్నారు. దాంతో ఊరివాళ్ళు తమకు అసలైన కరెంటు కావాలని అడిగారు. ఆ తర్వాత మామూలు లైను వచ్చింది, అది చౌకగా దొరికింది. బ్యాటరీలు అరిగిపోయాయి. వాటిని మార్చే బాధ్యత ఎవరూ తలకెత్తుకోలేదు. 2021 నాటికి ఆ కేంద్రం వాడుకలో లేకుండా, పశువులు కట్టేసుకునే చోటుగా మిగిలిందని పత్రికలు రాశాయి. దీని నుంచి మనం రెండు పాఠాలు నేర్చుకోవాలి. ఈ ఏర్పాటు మీద ఏది నడుస్తుందో, ఏది నడవదో మొదటి రోజే అందరికీ చెప్పాలి. నీళ్ళ మోటారు, ఇస్త్రీపెట్టె, కరెంటు పొయ్యి దీని మీద నడవవు. రెండోది, నాలుగేళ్ళ తర్వాత కొనవలసిన బ్యాటరీ డబ్బును మొదటి నెల నుంచే ఒక ఖాతాలో వేసుకుంటూ రావాలి.

ఇందుకు మరోవైపు రాజస్థాన్‌లోని తిలోనియా ఉన్నది. అక్కడ 1972లో ఆరంభమైన బేర్‌ఫుట్ కాలేజీ, అక్షరాలు రాని పల్లెటూరి స్త్రీలకు సౌర దీపాలు అమర్చడం, బాగుచేయడం నేర్పుతుంది. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు కూడా అక్కడ ఆరునెలలు ఉండి నేర్చుకుని వెళ్ళారు. వాళ్ళకూ బోధకులకూ ఉమ్మడి భాష లేదు. రంగుల గుర్తులతో, చేతి సైగలతో, చేసి చూపడంతో చదువు సాగింది. దీన్ని చూసి భాష అవసరమే లేదనుకునేవారు ఉంటారు. నాకు తోచేది వేరు. ఉమ్మడి భాష లేనిచోటే పట్టుబట్టి ఇంత నేర్పగలిగినప్పుడు, లిపి ఉండి, చదివేవారుండి, శాస్త్ర పరిభాష ఉండి, మన బడి అటెండరుకు ఒక పేజీ తెలుగులో రాసి ఇవ్వలేకపోవడానికి సాకు ఎక్కడున్నది?

శాస్త్రం తెలుగులో చెప్పడం కొత్త ముచ్చట కాదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని స్థాపించి, చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలను తెలుగు పాఠకుల ముందుంచారు. ఆయన చదువుకున్నది నాగపూరులో, మరాఠీ నడుమ. సరిహద్దుకు అవతల పెరిగిన తెలుగువాడే తెలుగులో శాస్త్రానికి దారి వేశాడన్న సంగతి మనం గుర్తుంచుకోవాలి. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి దాకా పుస్తకాలూ పదకోశాలూ తెచ్చింది. అర్ధవాహకం, నిరోధం, ఏకాంతర ప్రవాహం వంటి మాటలు తెలుగు మాధ్యమంలో చదివినవారికి అలవాటైనవే. అలాగని ప్రతిదానికీ సంస్కృత సమాసం వెతకమని నేను అనను. బ్యాటరీ బ్యాటరీయే, ఫ్యూజు ఫ్యూజే. మాటను అరువు తెచ్చుకోవచ్చు; వాక్యం మాత్రం మనదై ఉండాలి. ఎందుకంటే మనిషి పని చేసేది వాక్యాన్ని అర్థం చేసుకునే.

ఆ ఒక్క పేజీ ఎలా ఉండాలో చదివి వినిపిస్తాను. ఇది ఎవరైనా రాసుకోవచ్చు, గోడకు అంటించుకోవచ్చు.

“నెలకొకసారి బ్యాటరీలో నీటి మట్టం చూడండి. అడుగు గీతకు దిగకముందే బ్యాటరీ నీళ్ళు పోయండి. కుళాయి నీళ్ళు పోయవద్దు, ఆమ్లం పోయవద్దు. బ్యాటరీ నుంచి మండే వాయువు వస్తుంది. ఈ గదిలో అగ్గిపుల్ల గీయవద్దు, కిటికీ మూయవద్దు. తీగ బిగించే చోట తెల్లని పొడి పేరుకుంటే పెద్దవారికి చెప్పండి. పదిహేను రోజులకొకసారి, ఎండ ఎక్కకముందు, ఫలకాలను నీళ్ళతోనూ మెత్తటి గుడ్డతోనూ తుడవండి. ఎండ ఉన్నంతసేపూ ఫలకాల తీగల్లో కరెంటు ఉంటుంది, స్విచ్చి ఆపినా ఉంటుంది, వాటిని ముట్టుకోవద్దు. బ్యాటరీ తగ్గిందని ఇన్వర్టరు కూత పెడితే ముందు కంప్యూటర్లు, తర్వాత ఫ్యాన్లు ఆపండి.”

ఇంతే. ఇందులో ఏ వాక్యం అయిదో తరగతి బిడ్డకు కొరుకుడు పడదు చెప్పండి?

ఈ పేజీ పక్కన రాష్ట్ర భాషలోనూ అదే పేజీ ఉండాలని నేను గట్టిగా కోరుతున్నాను. తమిళనాడులో తమిళం, కర్ణాటకలో కన్నడం, ఒడిశాలో ఒడియా, మహారాష్ట్రలో మరాఠీ. మన బడికి వచ్చే లైన్‌మన్‌ది ఆ భాష కావచ్చు. అతని ప్రాణం కూడా మన స్విచ్చిబోర్డు మీది రాతపైన ఆధారపడి ఉంటుంది. మన నుడికి చోటు అడిగే మనం ఇరుగుపొరుగు నుడికి చోటివ్వడం మర్యాద మాత్రమే కాదు, భద్రత కూడా.

మరొక పని పిల్లలది. మీటరు దగ్గర ఒక లావు నోటుపుస్తకం వేలాడదీయండి. రోజూ సాయంత్రం ఒక జత పిల్లలు ఆనాటి యూనిట్లు, ఆకాశం ఎలా ఉన్నదో, బ్యాటరీ ఎన్ని ఓల్టులు చూపుతున్నదో తెలుగులో రాయాలి. నెలాఖరున సగటు కట్టాలి, గ్రాఫు గీయాలి. వాటు అంటే సామర్థ్యమనీ, యూనిటు అంటే శక్తి అనీ, రెండూ ఒకటి కాదనీ ఆ పిల్లలకు బట్టీ లేకుండా తెలుస్తుంది. ఫలకాల మీద దుమ్ము పేరుకుంటే ఆ గ్రాఫే కిందికి దిగి చెబుతుంది. ఏ ప్రైవేటు బడి ఆ పిల్లలకు ఇంతకంటే మంచి ప్రయోగశాల చూపగలదు?

పావగడను తలుచుకోండి. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో, ఆంధ్రప్రదేశ్ నేల చుట్టుకుని ఉన్న తాలూకా అది. ఇళ్ళలో, సంతల్లో తెలుగు వినబడే చోటు. అక్కడ సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల సౌర పార్కు 2019 నాటికి పూర్తయింది. భూములు కొనకుండా, ఎకరానికి ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. మనం చెప్పుకున్న బడి ఏర్పాటువంటివి పదమూడున్నర లక్షలకు పైగా కలిపితే గాని అంత కాదు. మన సరిహద్దు నేల మీద పడే ఎండకు ఎంత విలువున్నదో దీన్నిబట్టి తెలుస్తున్నది. అయితే అటువంటి పెద్ద పార్కును నడిపేవి సంస్థలు. భూమి ఇచ్చిన రైతుకు దక్కేది ముఖ్యంగా కౌలు. బడి కప్పు మీది చిన్న ఏర్పాటుకు యజమానులమూ మనమే, కాపలాదారులమూ మనమే. ఆ నేల బిడ్డలు రేపు అటువంటి పార్కుల్లో సాంకేతిక ఉద్యోగాలకు పోవాలంటే మొదటి పాఠం అర్థమయ్యే భాషలో పడాలి.

“పిల్లలే తగ్గిపోతున్న బడికి ఈ ఖర్చు దేనికి?” అని అడిగేవారున్నారు. తమిళనాడులో 2006 నాటి చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి తప్పనిసరి అవుతూ వచ్చిన తర్వాత మనవాళ్ళు కోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. మిగతా రాష్ట్రాల్లోనూ తెలుగు ఉపాధ్యాయుల ఖాళీల గోడు ఈ సభల్లో వింటూనే ఉన్నాం. ఒక ఫ్యాను తిరిగితే ఆ కష్టాలు తీరవు. కాని సౌకర్యాలు లేవన్న మాట బడిని మూయడానికి సాకు కాకుండా మనం అడ్డుకోగలం. 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్నవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని చెబుతున్నది. వెలుతురూ గాలీ ఉన్న గది సౌకర్యం కాదా? పిల్లల చేతికి అందే యంత్రానికి వాళ్ళ భాషలో వివరణ ఉండటం సౌకర్యం కాదా? ఈ రెండూ అర్జీలో రాసి అడగవచ్చని నా అభిప్రాయం.

చివరగా, జూన్‌లో బళ్ళు తెరిచే లోపల చేయదగిన మూడు పనులు మీ ముందుంచుతాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య సంఘాల్లో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. ఆ సంఘంలో మీరు కూర్చోండి. మీ బడిలో సౌర ఏర్పాటు ఇప్పటికే ఉంటే, సోమవారమే బ్యాటరీ గది తెరిపించి నీటి మట్టం చూడండి. పనికిరాని సీసపు బ్యాటరీ ఉంటే పాత ఇనుము వాడికి ఇవ్వకండి, సీసం విషం. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం దాన్ని తిరిగి తీసుకునే ఏర్పాటు చూడవలసిన బాధ్యత తయారీదారుది. అమ్మిన దుకాణం ద్వారా పంపండి. రెండోది, కొత్తగా పెట్టించుకునేవారు ఒప్పందంలో మూడు వాక్యాలు రాయించండి: లైను లేనప్పుడు నడవాలి, వాడుక పుస్తకం తెలుగులోనూ రాష్ట్ర భాషలోనూ ఇవ్వాలి, అటెండరుకూ ఇద్దరు ఉపాధ్యాయులకూ ఒక రోజు చేసి చూపి నేర్పాలి. సంతకం ఆ తర్వాతే పెట్టండి. మూడోది, బ్యాటరీ ఖాతా తెరవండి. ఇంటికి నెలకు పది రూపాయలైనా సరే, మొదటి నెల నుంచే వేయండి.

నేను చదివి వినిపించిన పేజీ ప్రతులు బయట బల్ల మీద ఉన్నాయి. వెళ్ళేటప్పుడు మీ బడికి రెండు తీసుకువెళ్ళండి. ఒకటి గోడకు, ఒకటి గది తాళం ఎవరి దగ్గరుంటే వారి చేతికి.

సెలవు.